కోసిన గుడ్డ వాపసు లేదు

మా దుకాణంలో గల్లాపెట్టె పైన ఒక అట్ట వేలాడేది. "కోసిన గుడ్డ వాపసు తీసుకోబడదు" అని నాన్న ఎర్ర రంగుతో రాయించి పెట్టాడు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, లైబ్రరీ వైపు తిరిగే సందుకు కొంచెం ఇవతల, చేతులు చాపితే రెండు గోడలూ అందేంత మ్యాచింగ్ సెంటరు మాది. జాకెట్ గుడ్డలు, లైనింగులు, చీర ఫాల్సు. ఒక్క ఆకుపచ్చలోనే పదహారు ఆకుపచ్చలు. నాన్న పోయాక, తొంభైల మొదట్లో, ఆ దుకాణాన్ని అక్కా నేనూ నడిపాం.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాకంటే పదకొండేళ్లు పెద్దదైన అక్కే నాకు జడలు వేసింది, స్కూలుకు తోలింది, వీపు మీద నాలుగు వాయించింది. ఎవరైనా తన పెళ్లి మాట ఎత్తితే నన్ను చూపించి, "ఒక బిడ్డను సాదేసరికే ప్రాణం పోయింది, ఇగ చాలు" అనేది.

గుడ్డ అమ్మడంలో మా ఇద్దరివీ రెండు దారులు. నాది నాన్న దారి. గిరాకీ ఒక తాను మీద చెయ్యి పెట్టి "ఇదా, అదా" అని ఊగుతున్నప్పుడు నేను మాటల్లో పెట్టి, గుడ్డ కొలిచి, కత్తెరతో ఒక గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చింపేసేదాన్ని. ఆ చప్పుడుతో బేరం ముగిసిపోయేది. ఇంకా ఎవరైనా నోరు తెరిస్తే తల ఎత్తకుండానే వేలితో అట్ట చూపించేదాన్ని. నాకు పదిహేనేళ్లప్పుడే పక్క దుకాణం సేటు "ఈ పిల్ల ఎండకాలంల స్వెటర్లు అమ్ముతది" అన్నాడు. దాన్ని నేను ఏళ్ల తరబడి పొగడ్త అనుకున్నాను.

అక్క కత్తెర ముట్టుకునే ముందు గిరాకీని దుకాణం ముందరి మెట్ల మీదికి తీసుకుపోయేది. ట్యూబులైటు కింద ఏ రంగూ నిజం చెప్పదని తన నమ్మకం. చీర కొంగునూ గుడ్డనూ ఎండలో పక్కపక్కన పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి చూసి, "జర ఎర్రగొడుతుందమ్మా, వద్దు. నారాయణగూడ చౌరస్తాల ఇంకో దుకాణం ఉన్నది, ఆడ చూడుండ్రి" అని వచ్చిన గిరాకీని వచ్చినట్టే పంపించేది.

"నువ్వు దుకాణం పెట్టుకున్నవా, సత్రం పెట్టుకున్నవా?" అనేదాన్ని.

"ఇంటికి పోయి ఎండల చూసుకుంటే ఆమె తిట్టేది నిన్నే గదనే."

"తిట్టనీ. గుడ్డ మన దగ్గర ఉండదు గద."

అక్క నవ్వేది. "నీకు దేవుడు నాలుక బదులు గుడ కత్తెరే పెట్టిండు."

ఒక ఏప్రిల్ పొద్దున, రోజూ మా సందులోంచి నడిచిపోయే రిటైరైన టీచరమ్మ ఒకామె నిమ్మపండు రంగు జాకెట్ గుడ్డ అడిగింది. అక్క ఆమెను మెట్ల మీదికి తీసుకుపోయింది. నేను లోపల తాన్లు సర్దుతున్నాను. బయట ఆమె గొంతు వినిపించింది.

"రంగు కుదిరింది గానీ, నీ కళ్లేమిటమ్మా, గుడ్డతో పోటీ పడుతున్నాయి?"

అక్క నవ్వింది. నేను బయటికి పోయి చూశాను. ఆ ఎండలో అక్క కంటి తెల్లగుడ్లు నిమ్మపండులాగా ఉన్నాయి. ఎన్ని రోజుల నుంచి అట్లా ఉన్నాయో తెలియదు. రోజంతా ట్యూబులైటు కింద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. నాకు కనిపించలేదు.

కామెర్లన్నారు అందరూ. పరగడుపున మూడు పొద్దులు పసరు మందు తాగించాం, చప్పిడి తిండి పెట్టాం. పసుపు దిగకపోగా ఒళ్లంతా దురద మొదలైంది. పెద్దాసుపత్రికి పోయాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కడుపు వెనకాల గ్రంథిలో గడ్డ ఉందనీ, తీయడానికి వీల్లేని చోట ఉందనీ చెప్పాడు. "పైత్యం దిగే దారిని అది మూసేసింది. ఆపరేషన్ చేసి పక్క నుంచి ఇంకో దారి ఇస్తాం. పసుపు పోతుంది. గడ్డ మాత్రం అక్కడే ఉంటుందమ్మా."

"అంటే ఎంత కాలం సార్?"

"కొన్ని నెలలు."

"ఏడాది అనుండ్రి సార్."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నేను అంటే ఉండేది కాదు కదమ్మా."

నేను డాక్టరుతో కూడా బేరం ఆడాను. సిగ్గుపడటానికి కూడా నాకు అప్పుడు తీరిక లేదు. ఇంకా పెద్ద బేరం ముందు ఉంది.

మా సంఘం నారాయణగూడలో ఒక మేడ పైన, రేకుల షెడ్డులో కూడేది. వానొస్తే ప్రసంగం వినిపించదు, ఎండొస్తే ప్రసంగం ఎక్కదు. చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. చిన్న ఉద్యోగుల కుటుంబాలు, కుట్టుపని చేసేవాళ్లు, పాలమూరు నుంచి వచ్చి బస్తీల్లో ఉండి కట్టుబడి పనులకు పోయేవాళ్లు. పాటలయ్యాక పాస్టరుగారు, "సాక్ష్యాలున్న వాళ్లు క్లుప్తంగా చెప్పండి" అనేవారు. కోస్తా వైపు నుంచి వచ్చిన మెత్తటి మనిషి ఆయన. అప్పుడు ఎవరో ఒకరు లేచి, ముసుగు సర్దుకుని, తమకు దేవుడు చేసిన మేలు చెప్పేవాళ్లు. జ్వరం తగ్గింది, తప్పిపోయిన పిల్లాడు దొరికాడు, తాగే మొగుడు మానేశాడు. సంఘమంతా స్తోత్రం అనేది. కష్టం వచ్చినప్పుడు, "ఈ గండం దాటిస్తే సంఘం ముందర నిలబడి సాక్ష్యం చెప్తాను ప్రభువా" అని మొక్కుకోవడం మావాళ్లలో మామూలు.

నేనూ అదే మొక్కుకున్నాను. అప్పటివరకు ఒక్కసారి కూడా లేచి నిలబడినదాన్ని కాదు, కాబట్టి నా సాక్ష్యానికి మంచి గిరాకీ ఉంటుందని నా లెక్క. తరువాత ఇంకా కొన్ని కలిపాను. రంగుల గురించి అబద్ధం చెప్పను. సేటుతో కొట్లాడను. శుక్రవారాలు ఉపవాసం ఉంటాను. ఇటు నుంచి ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయాను. అటు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంత గట్టి దుకాణదారును నేను జన్మలో చూడలేదు.

ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినట్టే రోజు రోజుకూ పసుపు దిగింది. జులై వచ్చేసరికి అక్క దుకాణానికి వచ్చి కూర్చోసాగింది. ఒక పొద్దున నేనే చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి తీసుకుపోయి, ముఖం ఎండకు తిప్పి చూశాను. కళ్లు తెల్లగా ఉన్నాయి.

"ఏం జూస్తున్నవే, నేనేమన్న టూ బై టూ జాకెట్ గుడ్డనా?"

"తెల్లగున్నయి."

"డాక్టరు చెప్పిండు గద తెల్లగైతయని." అంత వరకే చెప్పి ఊరుకుంది. డాక్టరు తనకు కూడా అంతా చెప్పాడని నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు అడగగానే నా కాళ్లు వాటంతట అవే లేచాయి అని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ అట్లా కాదు. నేను రాత్రే అనుకుని పోయాను. అటువైపు దేవుడు ఊగుతున్నాడు, ఇద్దామా వద్దా అని. ఊగే గిరాకీని ఏం చెయ్యాలో నాకు తెలుసు. వంద మంది ముందర, స్వస్థపరిచాడు అని నేను చెప్పేస్తే ఆ మాట మీద ఆయన పేరు ఉంటుంది. తన పేరు కోసమైనా నిలబెట్టుకోవాలి. ఇక వాపసు లేదు.

"సంఘానికి వందనాలు" అన్నాను. "మా అక్కకు కామెర్లు ముదిరి డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. దేవుడు ముట్టిండు, నయమైంది. మీరే చూడుండ్రి, ఆమె కండ్లు ఎంత తెల్లగున్నయో."

రేకులు అదిరేటట్టు స్తోత్రం అన్నారు. పక్కన ఉన్నవాళ్లు అక్క గడ్డం పట్టుకుని కళ్లలోకి చూశారు. అక్క మాత్రం నన్ను చూసింది. దుకాణంలో నేను ఎవరికైనా అడగకుండా గుడ్డ కోసేసినప్పుడు ఎట్లా చూసేదో, అట్లా.

తరువాతి వారాల్లో అక్క పేరు మా సంఘం దాటి పోయింది. పాస్టరుగారు వేరే కూడికల్లో కూడా ఆ సంగతి చెప్పారు. ఎవరెవరో దుకాణానికి వచ్చి అక్క చెయ్యి పట్టుకునేవాళ్లు. మా సంఘంలోనే పాలమూరు పెద్దమ్మ అని అందరం పిలిచే ఒకామె ఉండేది. తట్టలు మోసి మోసి మెడ గట్టిపడిన మనిషి. ఆమె పెనిమిటి కట్టుబడి మీద నుంచి పడి నడుము విరిగి మంచంలో ఉన్నాడు. ఒక సాయంత్రం వచ్చి, "బిడ్డా, నిన్ను ముట్టిన దేవుడే గద, నీ చెయ్యి నా మొగని మీద పెట్టి ఒక్క మాట అడుగు" అంది. అక్క కాదనలేక బస్తీలోని ఆ ఇంటిదాకా నడిచి పోయి ప్రార్థన చేసి వచ్చింది. ఇంటికి రాగానే గోడ పట్టుకుని వంగి కూర్చుంది. ముఖం నిండా చెమట.

అశోక్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. చుట్టూ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్లు. పొద్దంతా గోడ అవతల ఎవరో ఒకరు పాఠం వల్లె వేస్తూనే ఉండేవాళ్లు. ఆ గొంతుల చాటున అక్క మూలిగేదని నాకు చాలా రోజుల వరకు తెలియలేదు. తెలిసింది, కానీ తెలియనట్టు ఉన్నాను. అన్నం సగం వదిలేసేది. జాకెట్లు వదులయ్యాయి, తనే రెండు వైపులా కుట్లు వేసుకుంది. ఆదివారం వస్తే మాత్రం తల దువ్వుకుని, ముసుగు వేసుకుని, చాప మీద నిటారుగా కూర్చునేది. "ఎట్లున్నవమ్మా?" అని ఎవరైనా అడిగితే "దేవుని దయ" అనేది. ప్రార్థన అవసరాలు చెప్పమన్నప్పుడు తల దించుకునేది. బాగైన మనిషికి ప్రార్థన ఎందుకు?

అక్టోబరు చివరలో ఒక మధ్యాహ్నం పాలమూరు పెద్దమ్మ దుకాణానికి వచ్చింది. మేస్త్రీ భార్య ఇచ్చిన పాత చీర ఒకటి తెచ్చింది, దానికి జాకెట్ గుడ్డ కావాలి. వంకాయ రంగు. అక్క రెండు తాన్లు తీసి, అలవాటు ప్రకారం పెద్దమ్మను మెట్ల మీదికి తీసుకుపోయింది. నేను లోపల ఫాల్సు మడుస్తున్నాను.

"ఇది కుదురుతది పెద్దమ్మా, చూడు" అంది అక్క.

పెద్దమ్మ మెల్లగా, "బిడ్డా, నీ కండ్లు మళ్ల పచ్చగున్నయి" అంది.

నా చేతుల్లో ఫాల్సు ఆగిపోయాయి.

"చెల్లె సాక్ష్యం చెప్పె గద" అంది పెద్దమ్మ.

అక్క నవ్వింది. "ఎండకు అట్ల కనిపిస్తది పెద్దమ్మా."

పుట్టి బుద్ధెరిగాక అక్క రంగు గురించి అబద్ధం చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ మెట్ల మీద, పట్టపగటి ఎండలో. నన్ను నిలబెట్టడానికి.

పెద్దమ్మ గుడ్డ తీసుకుని పోయింది. అక్క లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుని తాను చుట్టసాగింది. ఆ రోజు దుకాణం పొద్దుండగానే కట్టేశాం. ఇంటికి నడుస్తుంటే అక్క మధ్యలో రెండుసార్లు అరుగుల మీద కూర్చుంది.

ఇంటికి పోయాక నేనే మొదలుపెట్టాను. "ఎందుకు అట్ల చెప్పినవ్?"

"ఏం చెప్పమంటవ్? నువ్వు కోసి పెట్టినవ్. ఇగ ఎవలో ఒకలు తొడుక్కోవాలె గద."

"నేను నీ కోసమే చేసిన."

"తెలుసు." కాసేపు కళ్లు మూసుకుంది. "ప్రభువు గుడ సిలువెక్కే ముందు రాత్రి తోటల అడిగిండు గదనే, ఈ గిన్నె నాకు వద్దని. చెమటలు కారంగ అడిగిండు. అడుగుడు తప్పు గాదు. నువ్వు అడగలే. నువ్వు కోసినవ్."

నేను ఏడవలేదు. బేరంలో ఏడిస్తే ధర పెరుగుతుందని నాన్న చెప్పేవాడు. "ఇప్పుడు పోయి అబద్ధమని చెప్తే ఏమైతది?" అన్నాను. "దేవుని పేరు పోతది. మనకు విశ్వాసం లేదంటరు. నువ్వు..." అని ఆగిపోయాను.

"నేను సచ్చిపోత. అదే గద?"

ఆ మాట మా ఇంట్లో మొదటిసారి పైకి వచ్చింది. అక్క దాన్ని గుడ్డ మీది దూది పోగును దులిపినట్టు అనేసింది. నాకు మాత్రం అది గుండెలో దిగబడింది. నా లోపల ఉన్న లెక్క అదే. ఆ సాక్ష్యాన్ని వాపసు తీసుకుంటే అక్కను నా చేతులతో నేనే ఇచ్చేసినట్టు. అది ఉన్నంతసేపు ఎక్కడో ఒక పోగు ఆశ.

"నాకు నయం కావాలని వాళ్లు ప్రార్థన చేసుడు నాకు అక్కరలేదే" అంది అక్క. "వచ్చి కూసుంటే చాలు. నొప్పి లేచినప్పుడు నొప్పి లేచింది అని చెప్పుకునేటందుకు ఒక మనిషి కావాలె. మూడు నెలల నుంచి నేను బాగైన మనిషిని. బాగైన మనిషి దగ్గరికి ఎవలొస్తరు? అందరు స్తోత్రం అంటుంటే నేను గుడ స్తోత్రం అంటున్న. కడుపుల కత్తులు తిరుగుతుంటయి."

గోడ అవతల పిల్లవాడు జిల్లాల ముఖ్యపట్టణాల పేర్లు వల్లె వేస్తున్నాడు. అవన్నీ అయిపోయేదాకా ఇద్దరం విన్నాం.

ఆదివారం ముందుగా పోయి మేడ మెట్ల దగ్గర పాస్టరుగారికి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా, ఇప్పుడు అలా చెబితే బలహీనంగా ఉన్నవాళ్లు తొట్రుపడతారు. ఇంకొంచెం ప్రార్థన చేద్దాం, ఆగుదాం" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. నేను అమ్మిన గుడ్డనే ఆయన పది చోట్ల చూపించారు. రంగు దిగుతుందని ఎట్లా చెప్పగలరు?

"ఆగితే అక్క ఉండదు అయ్యగారూ" అన్నాను.

పాటలయ్యాయి. ఆయన సాక్ష్యాలు అడగలేదు. అడగకుండానే లేచాను. ముసుగు జారింది, సర్దుకోలేదు.

"నేను అప్పుడు చెప్పింది నిజం కాదు. పసుపు పోయింది ఆపరేషన్‌తోని. రోగం పోలే. డాక్టరు నాకు ముందే చెప్పిండు, నేను తెలిసే చెప్పిన. మా అక్కకు నొప్పి ఉన్నది. ఎవలకు చెప్పుకోకుండ నేను చేసిన. మీరు నన్ను ఏమన్న అనుండ్రి. ఆమె దగ్గరికి మాత్రం రండి."

రేకుల మీద కాకి నడిచే చప్పుడు వినిపించింది. మగవాళ్ల వైపు నుంచి ఒకాయన లేచి చెప్పులు వేసుకుని దిగిపోయాడు. నిలబడి ఉన్న పాస్టరుగారు కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోవడం ఎట్లాగో మరిచిపోయినట్టు.

ఆడవాళ్ల వైపు వెనక నుంచి పాలమూరు పెద్దమ్మ లేచింది. చాపల మధ్య నుంచి వచ్చి అక్క ఎదురుగా కూర్చుని, అక్క పాదాలు రెండూ తన ఒళ్లో పెట్టుకుంది.

"నా మొగడు గుడ లేస్తలేడు బిడ్డా" అంది. "నువ్వు చెయ్యి పెట్టిపోయిన కాన్నుంచి అందరు అడుగుతుండ్రు. నయమైతుంది, నయమైతుంది అని చెప్తున్న. నీ మాట పోతదని."

అక్క అప్పుడు ఏడ్చింది. ఏప్రిల్ నుంచి అణిచిపెట్టుకున్నదంతా. అక్క మూలుగు సంఘమంతా విన్నది. ఒక్కొక్కరే ఆడవాళ్లు జరిగి జరిగి దగ్గరికి వచ్చారు. ఎవరూ గట్టిగా ప్రార్థన చేయలేదు.

నేను వాపసు తీసుకున్నందుకు అక్క బతికిందని చెప్పాలని ఉంది. అట్లా ముగిసే సాక్ష్యాలు చాలా విన్నాను. అక్క బతకలేదు. ఆ తరువాత ఏడు వారాలు ఉంది.

ఆ ఏడు వారాలూ మా ఇంటి తలుపు మూయలేదు. వెలుతురు పడేటట్టు మంచం గుమ్మం దగ్గరికి జరిపాం. పెద్దమ్మ పని నుంచి నేరుగా సిమెంటు దుమ్ముతోనే వచ్చి పాదాలు ఒత్తేది. మంగళవారం పాస్టరుగారు వచ్చి కింద కూర్చుని, "డాక్టరుగారు ఏమన్నారని మొదటి సాక్ష్యం రోజే నేను అడగాల్సిందమ్మా. బాగుంది కదా అని అడగలేదు" అన్నారు. అక్క ఆయనకు టీ పెట్టమని నాకు చెప్పింది. ఆ రోజు దిగిపోయినాయన మాత్రం రాలేదు.

వచ్చినవాళ్లు మొదట అక్కను ఓదార్చేవాళ్లు. కాసేపటికి తమ సంగతులు మొదలుపెట్టేవాళ్లు. ఒకామె, తన కొడుకు మొఖం చూసి రెండేళ్లయిందని చెప్పింది. ఇంకొకామె, ప్రతి ఆదివారం పాటలు పాడుతున్నా లోపల దేవుడు ఉన్నట్టే అనిపించడం లేదని చెప్పింది. ఆమె రేకుల షెడ్డులో ఎన్నడూ లేచి నిలబడి ఆ మాట చెప్పలేదు. నొప్పితో ముడుచుకుపోయిన మనిషి దగ్గర అందరికీ నోరు పెగిలేది. అక్క అందరివీ వినేది. వాళ్లు పోయాక కళ్లు మూసుకుని ఒక్కొక్కరి గురించీ ప్రార్థన చేసేది, నొప్పి లేచినప్పుడు ఆపి, తగ్గాక మళ్లీ అక్కడి నుంచే అందుకునేది.

ఒకసారి అడిగాను. "దీని కోసమేనా దేవుడు నీకు ఇది ఇచ్చిండు?"

"ఎందుకిచ్చిండో నాకు తెల్వదు. తెలుసని ఎవలన్న చెప్తే నమ్మకు, వాడు నీ అసోంటోడే" అంది. పెదాలు ఎండిపోయాయి, తడిగుడ్డతో అద్దాను. "వచ్చింది. ఉత్తగ పోనియ్యొద్దు అనుకుంటున్న. గంతే."

ఆ మంచం చుట్టూ జరిగింది మంచిదే. నేను ఒప్పుకుంటాను. కానీ అదంతా తీసుకుని అక్కను ఇచ్చెయ్యి అని ఈ రోజు అడగమన్నా అడుగుతాను. ఇవ్వడని తెలిసీ అడుగుతాను.

డిసెంబరులో ఒక పొద్దున పెట్టెలోంచి తెల్ల చీర తీయించింది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల ఆదివారాలు కట్టుకునే చీర. "దీనికి జాకెట్ లేదు, పాతది నాకు గోనెసంచి లెక్క అయింది. గుడ్డ తే" అంది.

చీర మడత విప్పకుండానే చంకలో పెట్టుకున్నాను. "తెలుపే గద, ఏదో ఒకటి తెస్త తియ్యి."

"తెలుపుల ఎన్ని తెలుపులున్నయో నీకు తెల్వదా? బులుగు కొట్టేది తేకు. ఈ చీర జర మాగింది, పాల తెలుపు కావాలె. బయట చూసి కొయ్యి."

దుకాణానికి పోయాను. తెల్ల తాన్లు అన్నీ దించాను. ఒక్కొక్కటీ మెట్ల మీదికి తీసుకుపోయి ఆ చీర పక్కన పట్టుకుని చూశాను. ఒకటి నీలం కొట్టింది. ఒకటి బూడిద కొట్టింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, బస్సు కోసం జనం నిలబడ్డారు, పక్క దుకాణం సేటు నా వైపు చూసి ఏమీ అడగకుండా తల తిప్పుకున్నాడు. కళ్లలో నీళ్లు నిండితే అన్నీ ఒకటే తెలుపు అయ్యేవి. తుడుచుకుని మళ్లీ చూసేదాన్ని. నాలుగో తాను కుదిరింది. బల్ల మీద పరిచి, చింపకుండా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా కత్తెరతోనే కోశాను.

అక్క గుమ్మం వెలుతురులో చూసి, "ఇన్నేండ్లకు నేర్చినవ్" అంది.

అక్క పోయిన మధ్యాహ్నం నేను పక్కన లేను. నల్లా వచ్చే వేళ. బిందెలు తీసుకుని కిందికి పోయాను. ముందు నిలబడినామెతో, మా ఇంట్లో బాగాలేని మనిషి ఉంది, రెండు బిందెలు నన్ను ముందు పట్టుకోనియ్యమని బేరమాడుతున్నాను. ఒక్క బిందె అంది ఆమె. రెండు అన్నాను. పెద్దమ్మ మెట్ల మీదికి వచ్చి నన్ను పిలవకుండా నిలబడింది. అక్క పాదాలు తన ఒళ్లో ఉండగానే పోయిందట. నన్ను పిలవమందా అని అడిగాను. "నల్లా వచ్చింది, పోనియ్యి, నీళ్లు లేకుంటే పరేషాన్ అయితది" అందట. నారాయణగూడ సమాధుల తోటలో పాల తెలుపు జాకెట్‌తో పడుకోబెట్టాం.

కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దమ్మ నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. వాళ్ల ఊరి మనిషి ఎవరో ఉన్నారని. ఆ తరువాత ఎవరూ లేకున్నా పోవడం అలవాటైంది. మంచాల మధ్య కూర్చుంటాం, నీళ్లు ఇస్తాం, అడిగితే ప్రార్థన చేస్తాం. "నయమైతదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే నా చెయ్యి ఇప్పటికీ కత్తెర కోసం వెతుకుతుంది.

ఒకసారి కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ముసలామె, అక్కకు ఉన్న రోగమే కావచ్చు, నా గడ్డం పట్టుకుని తన ముఖం దగ్గరికి లాక్కుంది. "బిడ్డా, నా కండ్లు చూడు. పచ్చ దిగిందా?"

పైన ట్యూబులైటు ఉంది. ఆ వెలుతురులో ఆమె కళ్లు కొంచెం తెల్లగానే ఉన్నాయి. దిగింది అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఈడ తెల్వదు పెద్దమ్మా. బయట చూద్దాం పా" అన్నాను.

ఇటు నేను, అటు పాలమూరు పెద్దమ్మ, మెల్లగా వరండాలోకి నడిపించాం. ఆమె ముఖం ఎండకు తిప్పాను.

"ఇంక ఉన్నది" అన్నాను.

ఆమె తల ఊపింది. ముగ్గురం అక్కడే, ఆ ఎండలో, గోడకు ఆనుకుని కూర్చున్నాం.